తోటలో దొంగ, జాకెట్టు మీద పెళ్ళికొడుకు

మార్చి నెల, మధ్యాహ్నం మూడు గంటలు. నూజివీడు పక్కన మా బాబాయ్ గుత్తకి తీసుకున్న మామిడి తోట. బాబాయ్ ఖాళీ నూనె డబ్బా మీద కర్రతో దబదబా కొడుతూ చెట్ల మధ్య పరిగెడుతున్నాడు. ఆ చప్పుడుకి చిలకల గుంపు ఒక చెట్టు మీంచి లేచి, ఒక రౌండు కొట్టి, తీరిగ్గా ఇంకో చెట్టు మీద వాలింది. కింద చూస్తే సగం కొరికి పడేసిన పిందెలు. "తింటే తిన్నాయి, ఒక్కదాన్నైనా పూర్తిగా తిని చావొచ్చుగా!" అని బాబాయ్ తిట్లు.

అదే రోజు సాయంత్రం ఇంటికెళ్తే వసారాలో మా పిన్ని మగ్గం ముందు కూర్చుని ఉంది. పట్టు బ్లౌజు చేతుల మీద చిలకల జంట కుడుతోంది. మే నెలలో పెళ్ళట. పెళ్ళికూతురు స్పెషల్‌గా చిలకలే కావాలందట.

ఒకే ఇల్లు, ఒకే రోజు, ఒకే పిట్ట. పొద్దున తరుముతాం, సాయంత్రం పిలిచి దారంతో కూర్చోబెడతాం. ఇదేంటి పిన్నీ అని నవ్వితే, పిన్ని సూది ఆపకుండానే ఒక మాట అంది. "అది సర్లేరా. టౌన్లో కంప్యూటర్ మిషన్లొచ్చాక నాకు ఆర్డర్లు తగ్గిపోయాయి. నువ్వు చదివేది కంప్యూటర్లేగా? నా పని మొత్తం పోతుందా, కొంచెం మిగులుతుందా? ఉన్నదున్నట్టు చెప్పు."

నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు కోసం రెండు నెలలు తోటకీ మగ్గానికీ ల్యాప్‌టాప్‌కీ మధ్య తిరిగాను. ఈ వ్యాసం అదే.

వసంతంలో తోటలో ఎవరెవరుంటారు

మనం 'మామిడి సీజన్' అంటే మే నెల అనుకుంటాం, ఎందుకంటే మనకి తెలిసింది పండే. తోటకి మాత్రం హడావుడంతా ముందే. చలికాలంలో పూత, ఫిబ్రవరి-మార్చిలో పిందె, ఏప్రిల్లో కాయ, ఆ తర్వాతే రసాలు, బంగినపల్లి. పూత నుంచి కాయ దాకా ఉన్న ఈ మధ్యకాలంలో తోటలోకి వచ్చే జీవాల లిస్టు చూస్తే మతిపోతుంది.

మొదట వచ్చేవి ఈగలు. అవును, ఈగలే. మామిడి పూలని పరాగసంపర్కం చేసే పురుగుల్లో ముఖ్యమైనవి ఈగలు. ఒక్కో పూగుత్తిలో వందల నుంచి వేల చిన్న పూలు ఉంటాయి. వాటిలో చివరిదాకా నిలిచి కాయ అయ్యేవి నూటికి ఒకటి కూడా ఉండవు. ఆ ఒక్కటైనా కావాలంటే ఈగ రావాల్సిందే. వాటితోపాటే తేనెమంచు పురుగు కూడా వస్తుంది. అది పూత రసం పీల్చేసి జిగటగా ఒక తీపి ద్రవం వదులుతుంది. దాని మీద నల్లగా బూజు పడుతుంది. రైతులు మందు కొట్టేది ఎక్కువగా దీనికోసమే.

తర్వాత ఎర్రచీమలు. మామిడి కొమ్మ మీద నాలుగైదు ఆకులు కలిసి బంతిలా ఉండటం చూసే ఉంటారు. నేను అదేంటో తెలీక చెయ్యి పెట్టాను. ఆ తర్వాత పది నిమిషాలు చొక్కా విప్పి గెంతాను, అది వేరే కథ. ఆ బంతి చీమల గూడు. కొన్ని చీమలు వరసగా నిలబడి రెండు ఆకుల అంచుల్ని దగ్గరికి లాగి పట్టుకుంటాయి. ఇంకొన్ని చీమలు తమ లార్వాల్ని నోట కరుచుకుని ఈ అంచు నుంచి ఆ అంచుకి తిప్పుతాయి. లార్వా వదిలే పట్టుదారంతో ఆకులు అతుక్కుంటాయి. అంటే పెద్దవాళ్ళు ఫ్రేము బిగిస్తే, పిల్లలు దారపు కండెలన్నమాట.

ఆకులు కుట్టే పిట్ట కూడా ఉంది. ఇంగ్లీషులో టైలర్‌బర్డ్ అంటారు. పిడికిలంత కూడా ఉండదు. ఆకు అంచున ముక్కుతో చిన్న చిల్లులు పొడిచి, వాటిలోంచి పత్తి పోగో సాలీడు దారమో లాగుతుంది. ఇటు పక్కకి వచ్చిన పోగు కొస విచ్చుకుని ముడిలా బిగుసుకుంటుంది. ఆ ఆకు సంచిలో గూడు పెట్టుకుంటుంది. ఎంబ్రాయిడరీ 'ప్రకృతి నుంచి వచ్చింది' అంటే పువ్వుల బొమ్మలే అనుకున్నాను. కుట్టు అనే పనినే పిట్టలూ చీమలూ మనకంటే ముందు చేస్తున్నాయని అప్పుడు తెలిసింది.

ఇక కోకిల. మిడ్ ఎగ్జామ్స్ ముందు తెల్లవారుజామున నాలుగింటికి హాస్టల్ కిటికీ దగ్గర అరిచే ఆ మహానుభావుడు మీ అందరికీ తెలుసు. మహానుభావుడనే అన్నాను, ఎందుకంటే మనం పాటల్లో 'కోకిలమ్మ' అని పిలిచేది నిజానికి మగకోకిలని. నల్లగా నిగనిగలాడుతూ, ఎర్రకళ్ళతో 'కుహూ' అని కూసేది అదే. ఆడకోకిల గోధుమ రంగులో, ఒళ్ళంతా తెల్ల చుక్కలతో, చారలతో ఉంటుంది. కాకి గూట్లో గుడ్డు పెట్టి వెళ్ళిపోతుంది.

వీటితో పాటు వీపు మీద మూడు చారలతో ఉడుతలు, రాత్రుళ్ళు గబ్బిలాలు. చివరగా మన హీరో, లేదా విలన్, రామచిలక.

ఇంతమందిలో చిలకే ఎందుకు

పిన్ని దగ్గర డిజైన్ల కాగితాలు ఒక ట్రంకు పెట్టె నిండా ఉన్నాయి. నేను కూర్చుని అన్నీ చూశాను. నెమలి, చిలక, హంస, ఏనుగు, మామిడి పిందె, మల్లెతీగ. ఈగ లేదు, చీమ లేదు, ఉడుత లేదు, కోకిల కూడా లేదు. మామిడి పండుకి అసలు కారణమైన ఈగని జాకెట్టు మీద ఎవరూ వేయించుకోరు. పండు పాడుచేసే చిలకకి మాత్రం జరీ!

దీనికి మొదటి కారణం కథ. మన పురాణాల్లో మన్మథుడి వాహనం చిలక, ఆయన స్నేహితుడు వసంతుడు, ఆయన అయిదు పూలబాణాల్లో ఒకటి చూతం, అంటే మామిడి పూవు. ఇప్పుడు మా బాబాయ్ తోట ఒకసారి ఊహించుకోండి. వసంతం, మామిడి పూత, చిలక. మన్మథుడి సరంజామా అంతా అక్కడే ఉంది, బాబాయ్ డబ్బా కొడుతున్నాడు. పెళ్ళి బ్లౌజు మీదకి చిలక వచ్చింది ఈ దారిలోనే అని నా నమ్మకం.

రెండో కారణం ఆకారం. వంకర ముక్కు, పొడుగు తోక, ఈ రెండు గీతలు గీస్తే చాలు, ఎవరైనా చిలక అనేస్తారు. కోకిల బొమ్మ గీసి చూడండి, కాకి అంటారు. చిలక ముక్కు ఎంత గట్టి గుర్తంటే ఒక మామిడి రకానికి పేరే అయిపోయింది. మనం 'కలెక్టర్ కాయ' అనేదాన్ని బయట తోతాపురి అంటారు. హిందీలో తోతా అంటే చిలక. తమిళంలో దాన్నే కిలిమూక్కు, అంటే చిలకముక్కు అంటారు. కాయ కొస వంకర చూస్తే ఎందుకో అర్థమవుతుంది.

మామిడి పిందె డిజైనుదీ ఇదే కథ. కంచి పట్టు అంచు మీద మనం 'మామిడి పిందె' అని పిలిచే ఆ వంకర బొట్టు ఆకారాన్ని పర్షియాలో బోతే అంటారు. కాశ్మీరు శాలువాల మీద అది యూరప్ వెళ్ళింది. 19వ శతాబ్దంలో స్కాట్లాండులోని పెయిస్లీ అనే ఊరు ఆ శాలువాలకి నకళ్ళు నేసింది, దాంతో ప్రపంచమంతా దాన్ని 'పెయిస్లీ' అంటోంది. ఒకే గీత, ఎవరి తోటలో ఏముంటే వాళ్ళకి అది కనిపిస్తుంది. మనకి పిందె కనిపించింది.

మన సబ్జెక్టు భాషలో చెప్పాలంటే డిజైన్ అనేది లాసీ కంప్రెషన్. చిలకలోంచి చాలా తీసేస్తాం, కొంచెమే ఉంచుతాం. ప్రశ్నల్లా ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అనేదే. ఈ వ్యాసంలో మిగతాదంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే.

మగ్గం మీద ఏం జరుగుతుంది

'మగ్గం వర్క్' అంటే నేతమగ్గం కాదు. నాలుగు కర్రల ఫ్రేముకి గుడ్డని డప్పులా బిగిస్తారు, అందుకే ఆ పేరు. ముందు ట్రేసింగ్ పేపర్ మీద బొమ్మ గీసి, గీత పొడుగునా సూదితో చిల్లులు పొడుస్తారు. ఆ కాగితాన్ని గుడ్డ మీద పెట్టి, కిరోసిన్‌లో కలిపిన పౌడరు రుద్దితే చిల్లుల్లోంచి దిగి గుడ్డ మీద చుక్కలు పడతాయి. కాగితం ఒకసారి పొడిస్తే ఎన్ని బ్లౌజులకైనా వాడొచ్చు.

తర్వాత ఆరీ. ఇది కొసన చిన్న కొక్కెం ఉన్న సూది. కుడిచేతిలో సూది పైన, ఎడమచేతిలో దారం గుడ్డ కింద. సూది గుచ్చితే కొక్కేనికి దారం తగులుకుంటుంది, పైకి లాగితే ఒక ఉచ్చు వస్తుంది. ఆ ఉచ్చులోంచే మళ్ళీ గుచ్చి ఇంకో ఉచ్చు లాగుతారు. ఒక ఉచ్చు ఇంకో ఉచ్చుని పట్టుకుని గొలుసులా వెళ్తుంది, అదే చెయిన్ స్టిచ్. డేటా స్ట్రక్చర్స్ చదివినవాళ్ళకి ఇది లింక్డ్ లిస్టే. చివరి ఉచ్చుకి ముడి వేయకపోతే కొస పట్టుకుని లాగగానే మొత్తం ఊడి వస్తుంది. నమ్మకపోతే ఇంట్లో బియ్యం బస్తా మూతి కుట్టు విప్పి చూడండి.

ఆరీకి పెద్ద చరిత్రే ఉంది. గుజరాత్‌లో చెప్పులు కుట్టే మోచీల కొక్కెం సూది నుంచి అక్కడి మోచీ ఎంబ్రాయిడరీ పుట్టింది. 18వ శతాబ్దంలో ఈ పద్ధతి ఇండియా నుంచి ఐరోపా వెళ్ళింది. ఫ్రెంచివాళ్ళు దాన్ని 'తాంబూర్' అన్నారు, అంటే డప్పు. తర్వాత బార్తెలెమీ తిమోనియే అనే ఫ్రెంచి దర్జీ ఈ కొక్కెం సూది పనిని మెషీన్‌తో చేయించాలనుకున్నాడు. 1830లో పేటెంటు తీసుకున్నాడు. ప్రపంచంలో పనికొచ్చిన తొలి కుట్టుమిషన్లలో అదొకటి. దాంతో సైనికుల యూనిఫాంలు కుట్టించాడు. అప్పుడు పారిస్ దర్జీలు తమ పని పోతుందని ఆయన వర్క్‌షాపు మీద పడి మిషన్లు విరగ్గొట్టారు.

ఇది చదివినప్పుడు నాకు పిన్ని ప్రశ్న గుర్తొచ్చింది. దాదాపు రెండు వందల ఏళ్ళుగా అదే ప్రశ్న.

ఫైల్లో చిలక

టౌన్లో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్‌కి ఇచ్చే ఫైలు ఎక్కువగా డీఎస్‌టీ. జపాన్‌కి చెందిన తజిమా కంపెనీ ఫార్మాట్ ఇది. దాన్ని విప్పి చూసినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

చిన్నప్పటి పొడుపులెక్క గుర్తుందా? నలభై కేజీల రాయి నాలుగు ముక్కలైంది. త్రాసులో ఆ ముక్కల్ని ఎటైనా పెట్టుకుని 1 నుంచి 40 కేజీల దాకా ఏదైనా తూచొచ్చు. ముక్కలెంతెంత? జవాబు 1, 3, 9, 27. డీఎస్‌టీ ఫైలు సరిగ్గా ఇదే పని చేస్తుంది, ఇంకో ముక్క కలుపుతుంది, 81. మొత్తం 121. ఫైల్లో యూనిటు 0.1 మిల్లీమీటరు, కాబట్టి ఒక కుట్టు ఒక దిక్కుగా గరిష్ఠంగా 12.1 మిల్లీమీటర్లు జరగగలదు. ఉదాహరణకి సూది కుడివైపు 5 మిల్లీమీటర్లు, అంటే 50 యూనిట్లు జరగాలంటే 81 − 27 − 3 − 1. అయిదు తూకాలు, ఒక్కోదానికి ప్లస్సుకో బిట్టు, మైనస్సుకో బిట్టు, అడ్డంగా నిలువుగా కలిపి 20 బిట్లు. ఇంకో 4 బిట్లు కంట్రోలుకి. మొత్తం 24 బిట్లు, మూడు బైట్లకి ఒక కుట్టు. ముందు 512 బైట్ల హెడర్. ఎనిమిది వేల కుట్ల చిలక అంటే సుమారు 24 కేబీ. వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫోటో దీనికంటే పెద్దది.

అసలు ఆశ్చర్యం వేరే. ఆ ఫైల్లో రంగు లేదు. 'ఇక్కడ ఆగు, దారం మార్చు' అని మాత్రమే ఉంటుంది. ఏ రంగు దారం అనేది మిషన్ దగ్గర నిలబడ్డ మనిషి చూసుకోవాలి. అంటే ఫైల్లో ఉన్న చిలక ఆకుపచ్చ కాదు, ఎరుపు ముక్కూ లేదు. అది వట్టి నడక మాత్రమే: ఇంత కుడికి, ఇంత పైకి, గుచ్చు.

నా చిలక ఎందుకు ఫెయిలైంది

పైథాన్‌లో 'పైఎంబ్రాయిడరీ' అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఉంది. ఇంక్‌స్కేప్‌లో 'ఇంక్‌స్టిచ్' అనే ఉచిత ఎక్స్‌టెన్షన్ కూడా ఉంది. ఎవరైనా ట్రై చేయొచ్చు. నేను చిలక ఫోటో తీసుకుని, రంగుల వారీగా ముక్కలు చేసి, ఒక్కో ముక్కని అడ్డగీతలతో నింపేలా కోడ్ రాశాను. మిషన్ ఉన్న షాపతన్ని బతిమాలి గుడ్డ మీద కుట్టించాను.

వచ్చింది చిలక కాదు, ఆకుపచ్చ స్టిక్కరు. గుండ్రని కన్ను కోడిగుడ్డులా అయింది, చుట్టూ గుడ్డ ముడతలు పడింది. పిన్నికి చూపిస్తే రెండే మాటలు చెప్పింది. "దారం గుడ్డని లాగుతుందిరా. ఈక ఎటు పడుకుంటే దారం అటే పడుకోవాలి."

రెండూ నిజమైన ఇంజినీరింగే. బిగువుతో పడ్డ ప్రతి కుట్టూ తన పొడుగు దిక్కున గుడ్డని కొంచెం దగ్గరికి లాగుతుంది. అన్ని కుట్లూ ఒకే దిక్కున ఉంటే ఆకారం ఆ దిక్కున కుదించుకుపోతుంది. అందుకే డిజిటైజింగ్ చేసేవాళ్ళు ఆ దిక్కున బొమ్మని ముందే కొంచెం సాగదీసి గీస్తారు, దాన్ని పుల్ కాంపెన్సేషన్ అంటారు. రెండోది మెరుపు. పట్టుదారం మీద వెలుగు దారం దిక్కుని బట్టి మెరుస్తుంది. ఒకే ఆకుపచ్చ దారం తలమీద ఒక దిక్కున, రెక్క మీద ఇంకో దిక్కున పడితే రెండు రంగుల్లా కనిపిస్తుంది. నా కోడ్ అన్నిచోట్లా ఒకే కోణం పెట్టింది. నేను ఈక ఎటు పడుకుంటుందో చూడకుండానే రాశాను కాబట్టి.

సరే, చూద్దామని తోటకెళ్ళాను. బాబాయ్‌ని బతిమాలి రెండు రోజులు డబ్బా ఆపించి, చెట్టు కింద కూర్చున్నాను. మొదటి రోజు చీమలు కుట్టాయి. రెండో రోజు చిలకలు దగ్గరగా వాలాయి. తల మీద ఈకలు చిన్నవి, మీసాల్లా వెనక్కి. రెక్క మీద పెంకుల్లా వరసలు. తోక ఈకలు సన్నగా పొడుగ్గా, శరీరంలో సగం కంటే ఎక్కువ. కాలికి రెండు వేళ్ళు ముందుకి, రెండు వెనక్కి, దాంతో పిందెని చేత్తో పట్టుకున్నట్టు పట్టుకుని కొరుకుతుంది. కోపం రావాలి గానీ, చూస్తుంటే ముద్దొచ్చింది.

రెండూ మగవే

ఇంకొకటి కూడా కనిపించింది. కొన్నిటికి గడ్డం కింద నుంచి మెడ చుట్టూ నల్లగీత, వెనకవైపు గులాబీ పట్టీ. కొన్నిటికి మెడ ఖాళీ. ఇంటికొచ్చి చదివితే తెలిసింది, ఆ పట్టీ పెద్ద మగచిలకకే ఉంటుంది. ఆడదానికి ఉండదు. మగపిల్లలకి కూడా దాదాపు మూడేళ్ళ దాకా రాదు.

ఇది చెప్పగానే పిన్ని సూది ఆపేసింది. ట్రంకు పెట్టె తీసి కాగితాలన్నీ పరిచింది. జంట చిలకలు, ఎదురెదురు చిలకలు, ముద్దుపెట్టుకుంటున్న చిలకలు. ప్రతిదానికీ పట్టీ ఉంది. "అంటే ఇన్నేళ్ళూ పెళ్ళి జాకెట్ల మీద ఇద్దరు పెళ్ళికొడుకుల్ని కుట్టానా!" అని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. బాబాయ్ పక్కనే కూర్చుని, "నాకు తెలుసు. పట్టీ లేనివే ఎక్కువ కొరుకుతాయి" అన్నాడు. ఆ మాటకి శాస్త్రీయ ఆధారం లేదు, పిన్ని చూపు మాత్రం గట్టిగానే ఉంది.

చేతిలో ఉన్న ఆ మే నెల బ్లౌజు మీద పిన్ని ఒక చిలకకి పట్టీ వదిలేసింది. తల ఈకలు ఇంకాస్త చిన్న కుట్లతో, తోక పొడుగు గీతలతో. నేను చూసిన బ్లౌజులన్నిట్లో అదే బాగుంది. తీసుకెళ్ళినావిడ సాయంత్రానికి తిరిగొచ్చింది. "అక్కా, ఒకదానికి మెడలో గొలుసు మర్చిపోయారు." పిన్ని విడమరిచి చెప్పింది. ఆవిడ ఓపిగ్గా విని, "నిజమే కావచ్చు అక్కా, కానీ ఫోటోల్లో తేడాగా ఉంటుంది" అంది. పిన్ని ఇంకేం మాట్లాడకుండా పది నిమిషాల్లో గులాబీ పట్టీ కుట్టి ఇచ్చేసింది. డబ్బులిచ్చేది వాళ్ళు కదా.

పిన్నికి నా జవాబు

ఉన్నదున్నట్టు చెప్పమంది కాబట్టి ఉన్నదున్నట్టే చెప్పాను. ఒకే డిజైను వంద బ్లౌజులకి కావాలంటే అది మిషన్‌కే పోతుంది, తిరిగి రాదు. తిమోనియే మిషన్లు విరగ్గొట్టినా కుట్టుమిషన్ ఆగలేదు. ఆ ఆర్డర్ల కోసం తక్కువ రేటుకి పోటీపడితే కళ్ళూ నడుమూ పోతాయి తప్ప గెలవలేం. కానీ మిషన్‌కి వెళ్ళే ఆ ఫైలు ఎవరో ఒకరు గీయాలి. ఈక దిక్కు, దారం లాగుడు, రంగు ఎంపిక ఇవేవీ ఫైలుకి సొంతంగా తెలీవు. నాకు కోడ్ వచ్చు, నా చిలక స్టిక్కరైంది. పిన్నికి కోడ్ రాదు, ఆమె చెప్పిన రెండు మాటలతో నా రెండో చిలక ఎగిరేలా వచ్చింది. ఆ షాపతను దాన్ని చూసి ఫైలు ఎవరు చేశారని అడిగాడు.

"అంటే నా పని మిగులుతుందంటావా?" అంది పిన్ని.

"చెయ్యి చేసే పని తగ్గుతుంది పిన్నీ. కన్ను చేసే పనికి రేటు అడగాలి. అది ఇస్తారో లేదో నాకు తెలీదు."

పిన్ని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నా ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, తోక దగ్గర వేలు పెట్టి, "ఇక్కడ కోణం తప్పు" అంది. ఇప్పుడు ఆదివారాలు ఇద్దరం కూర్చుని ఫైళ్ళు చేస్తున్నాం. షాపతను మొదటి రెండు తీసుకున్నాడు. డబ్బులు పెద్దగా రాలేదు, వచ్చినవి పిన్నికే.

పట్టీ లేని ఆడచిలక కాగితాన్ని ట్రంకు పెట్టెలో పైనే పెట్టింది. ఎవరైనా అడుగుతారేమో అని. తోటలో బాబాయ్ మళ్ళీ డబ్బా కొడుతున్నాడు, కాయ పెరుగుతోంది కదా. మీలో ఎవరి ఇంట్లోనైనా త్వరలో పెళ్ళుంటే, బ్లౌజు మీద చిలకలు వేయిస్తుంటే, ఒకదానికి మెడ ఖాళీగా ఉంచమని చెప్పండి. ఫోటోల్లో తేడాగా ఉందని ఎవరైనా అంటే నూజివీడు తీసుకురండి. మార్చిలో రండి, చీమలున్న కొమ్మ ఏదో నేను ముందే చూపిస్తాను.